పిండ బదిలీ కోసం బ్రనోలో గడిపిన రోజులు

గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష ఫలితం ఇంకా రాలేదు. అది ఎటు వచ్చినా ఆ తర్వాత ఈ ప్రయాణం మొత్తాన్ని దాన్నిబట్టే గుర్తుపెట్టుకుంటాం. అందుకే ఆ లోపే, చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో ఊరు ఇంకా కళ్లముందు ఉండగానే రాసేస్తున్నాను.

ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ కోసం, అంటే ల్యాబ్‌లో తయారైన పిండాన్ని గర్భాశయంలో పెట్టించుకోవడం కోసం, వేరే దేశం వెళ్లాలనుకునేవాళ్లు సక్సెస్ రేటు చూస్తారు, ప్యాకేజీ ధర చూస్తారు. మేమూ అవే చూశాం. కానీ ట్రాన్స్‌ఫర్ అనేది పది నిమిషాల పని. మిగతా రోజులన్నీ ఆ ఊళ్లో తిని, తిరిగి, నిద్రపోయి, ఫోన్ కోసం కాచుకుని గడపాలి. ఆ రోజులు ఎక్కడ గడుపుతున్నామన్నది కూడా ముఖ్యమే అని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

మా ఇద్దరికీ బీటా తలసీమియా మైనర్. మాకు ఏ జబ్బూ లేదు, కొంచెం రక్తం తక్కువ, అంతే. కానీ ఇద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండా దాని జన్యువుని మోసేవాళ్లయితే, ప్రతి గర్భంలోనూ బిడ్డకి తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేజర్ అంటే కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ, ఒంట్లో పేరుకునే ఇనుముకి మందులు వాడుతూ బతకడం. ఒకసారి మూడో నెలలో, మావి నుంచి చిన్న ముక్క తీసి చేసిన సీవీఎస్ పరీక్ష మాకు ఆ మాటే చెప్పింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మేముండేది జర్మనీలో. ఎంబ్రియోని గర్భంలోకి పంపకముందే జన్యుపరీక్ష చేయించుకోవాలంటే అక్కడ 2011 నాటి చట్టం ప్రకారం ఎథిక్స్ కమిషన్‌కి అర్జీ పెట్టుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆ ఖర్చు భరించదు. చెక్ రిపబ్లిక్‌లో, పుట్టబోయే బిడ్డకి జన్యువ్యాధి వచ్చే ముప్పు ఉందని రుజువైతే ఈ పరీక్షకి చట్టమే వీలు కల్పిస్తుంది. వసంతకాలంలో అండాలు తీయడం, ఎంబ్రియోలు తయారవడం, వాటి నుంచి కొన్ని కణాలు తీసి పరీక్షకి పంపడం అన్నీ అక్కడే జరిగాయి. పరీక్ష దాటి నిలిచినవి రెండు. వాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచారు. ఈసారి వెళ్లింది వాటిలో ఒకదాని కోసం.

సెప్టెంబర్ 22, సాయంత్రం

చాలామంది స్కాన్లన్నీ ఇంటి దగ్గరే చేయించుకుని, ట్రాన్స్‌ఫర్ ముందురోజు దిగి మర్నాడు వెళ్లిపోతారు. మా దగ్గరి డాక్టరు విదేశీ క్లినిక్ కోసం స్కాన్లు చేయనన్నారు. అప్పుడు బాధేసింది గానీ, ఆ మాట వల్లే ఇన్నిరోజులు బ్రనోలో ఉండగలిగాం.

పాత ఊరికి ఆనుకుని, మూడో అంతస్తులో ఒక చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. రాత్రికి 1,600 కొరునాలు. యూరోకి సుమారు 25 కొరునాలు అనుకుంటే లెక్క తేలిక. ఇంటావిడకి డెబ్బై ఏళ్లుంటాయి. తలుపు తీయగానే ముందు మా కాళ్లవైపు చూసింది. గుమ్మం లోపల గోడవారగా రకరకాల సైజుల్లో ఇంట్లో తొడుక్కునే చెప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. ఇక్కడ ఎవరింట్లోకి వెళ్లినా బయటి చెప్పులు విప్పాల్సిందే. మేం అడక్కుండానే విప్పడం చూసి ఆవిడ ముఖం విప్పారింది. నా పాదానికి సరిపోయే జత వెతికి ఇచ్చింది.

ఇంగ్లీషు రాదు, జర్మన్ కొద్దిగా వచ్చు. గ్యాసు, తాళాలు, చెత్తబుట్టలు చూపించింది. మా ఆయన చేతిలో మందుల కూల్ బ్యాగ్ చూసి ఏమీ అడగలేదు. ఫ్రిజ్ తలుపు తెరిచి, ఒక అర మొత్తం ఖాళీ చేసి ఉంచింది చూపించి, బ్యాగ్ వైపు తలూపింది. ఇలాంటి బ్యాగులతో వచ్చిన జంటలు మాకంటే ముందు చాలామంది ఆ ఇంట్లో ఉండి ఉంటారు. ఆవిడ వెళ్లాక చాలాసేపు నేను ఆ ఖాళీ అర వైపే చూస్తూ కూర్చున్నాను.

రాత్రి వీధి చివర హోటల్లో చెస్నెచ్కా తాగాం. వెల్లుల్లి, బంగాళాదుంప, కారవే గింజలు వేసిన పల్చటి సూప్, పైన వేయించిన బ్రెడ్డు ముక్కలు. కొన్నిచోట్ల హామ్ వేస్తారు, మాంసం తిననివాళ్లు ముందే చెప్పాలి. డబ్బిచ్చేటప్పుడు ఒక పద్ధతి ఉంది. టిప్పు బల్లమీద వదిలి వెళ్లరు. బిల్లు 184 అయితే "200" అని వెయిటర్‌కి మనమే చెప్తాం, అతను అంతే తీసుకుంటాడు.

సెప్టెంబర్ 23

స్కాన్ తొమ్మిదిన్నరకి. ట్రాములో కార్డు తాకిస్తే చాలు, టికెట్ అక్కర్లేదు. ఎక్కి కూర్చున్నాక నాలుగో స్టాపు దగ్గర ట్రాము తిరగాల్సిన వైపు తిరగలేదు. పట్టాల పనులున్నాయని పసుపు కాగితం మీద నోటీసు అంటించారట, అదంతా చెక్ భాషలోనే. ఫోన్లో మ్యాప్ చూస్తుంటే మా చుక్క క్లినిక్‌కి దూరంగా జరిగిపోతోంది. నాకు టెన్షన్ మొదలైంది. ఎదురుగా చక్రాల సంచి పట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ నా చేతిలో కాగితం అడిగి తీసుకుని, అడ్రసు చదివి, లేవమని సైగ చేసింది. ఆవిడ కూడా మాతో దిగింది. రెండు సందులు దాటించి, కొండవైపు రోడ్డు చూపించి, మళ్లీ వెనక్కి స్టాపుకి నడిచి వెళ్లింది. తన స్టాపు అది కాదని అప్పుడు అర్థమైంది.

పావుగంట ఆలస్యంగా చేరాం. ఎవరూ ఏమీ అనలేదు. బూట్లమీద నీలంరంగు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని వెయిటింగ్ రూములోకి వెళ్తే, కూర్చున్నవాళ్లంతా ఒకేసారి "దోబ్రీ దెన్" అన్నారు. ఇక్కడ డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములోకి ఎవరు వచ్చినా అందరికీ కలిపి నమస్కారం చెప్తారు, అందరూ బదులు చెప్తారు. వెళ్లేటప్పుడు కూడా అంతే. లిఫ్టులో కూడా. ఇంతకుముందు ఎన్నో ఫెర్టిలిటీ క్లినిక్కుల వెయిటింగ్ రూముల్లో కూర్చున్నాను. అందరూ ఫోన్లలోకి తలలు దించుకుని, ఒకరినొకరు చూడనట్టు ఉంటారు. ఇక్కడ తల ఎత్తక తప్పదు. ఆ ఒక్క పలకరింపుకే గదిలో గాలి మారిపోతుంది.

పక్కన కూర్చున్నామె మ్యూనిక్ నుంచి వచ్చింది, నలభై దాటిన మనిషి. దాత అండం కోసం వచ్చారట. జర్మనీలో 1990 నాటి ఎంబ్రియో రక్షణ చట్టం కింద అండదానం నిషేధం. ఇక్కడ దాత వివరాలు గోప్యంగా ఉంచుతారు, తల్లి కాబోయే స్త్రీకి వయసు పరిమితి 49. "ఎవరికైనా చెప్పావా?" అని అడిగింది నన్ను. అమ్మకి చెప్పానన్నాను. "నేనెవరికీ చెప్పలేదు, సెలవు మీద చెట్లు చూడ్డానికి వెళ్తున్నానన్నాను" అంది. వెళ్లేముందు నా భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది.

స్కాన్‌లో గర్భాశయం లోపలి పొర, అంటే లైనింగ్, 8.6 మిల్లీమీటర్లు, ఉండాల్సిన మూడు గీతలు స్పష్టంగా ఉన్నాయి. మర్నాటి నుంచి గర్భాశయాన్ని సిద్ధం చేసే హార్మోను ప్రొజెస్టరాన్ మొదలు, ఆరో రోజున, అంటే 29న ట్రాన్స్‌ఫర్. డాక్టరమ్మ ఇంకో ప్రశ్న మా చేతిలో పెట్టింది. మా రెండు ఎంబ్రియోల్లో ఒకటి క్యారియర్, అంటే మాలాంటిదే. ఇంకోదానిలో తలసీమియా జన్యువు అసలు లేదు. క్యారియర్‌గా ఉన్నది ఐదో రోజుకే బ్లాస్టోసిస్ట్ అయింది, అంటే ట్రాన్స్‌ఫర్‌కి తగినంత ఎదిగింది, గ్రేడు 4ఏఏ, మంచిది. రెండోది ఆరో రోజున తయారైంది, గ్రేడు తక్కువ. రెండూ ట్రాన్స్‌ఫర్‌కి తగినవే. ఏది ముందు అన్నది మేమే 28 లోగా చెప్పాలి. ఆడా మగా అన్నది చెప్పరు. లింగం ఎంచుకోవడం ఇక్కడ చట్టవిరుద్ధం, లింగంతో ముడిపడిన తీవ్రమైన జబ్బుల విషయంలో తప్ప. నాకది హాయిగా అనిపించింది.

సెప్టెంబర్ 24, 25

ప్రొజెస్టరాన్ మొదలైంది. నిద్రమత్తు, కడుపు ఉబ్బరం. పొద్దున ఆలస్యంగా లేచి, కూరగాయల మార్కెట్‌కి నడిచేవాళ్లం. దాని పేరు జెల్నీ త్ర్‌హ్, వందల ఏళ్లుగా అక్కడే సాగుతోంది. సెప్టెంబరు చివర కాబట్టి ద్రాక్ష, రేగుపండంత నుంచి కోడిగుడ్డంత దాకా రకరకాల ప్లమ్ములు, గుమ్మడికాయలు. ప్రతి మూలా బుర్చాక్ అమ్ముతున్నారు, పులుస్తూ ఉన్న కొత్త ద్రాక్షరసం. మబ్బుగా, పసుపుగా ఉంటుంది. ఆగస్టు 1 నుంచి నవంబరు 30 దాకానే అమ్మాలని చట్టం. సీసా మూత బిగించరు, గ్యాసుకి పగిలిపోతుందని.

అమ్మే అతను ఇద్దరికీ చిన్న గ్లాసుల్లో రుచి పోశాడు. నేను వద్దని చెయ్యి అడ్డుపెట్టాను. మా ఆయన కూడా గ్లాసు వెనక్కిచ్చేశారు. "మీరు తాగండి" అన్నాను. "ఇద్దరం కలిసి తాగే రోజు వస్తుందిలే" అన్నారు. అమ్మే అతనికి ఏం అర్థమైందో ఏమో, వెనక పెట్టె లోంచి అసలు పులవని ద్రాక్షరసం సీసా తీసి ఇచ్చాడు. అరవై కొరునాలు. అంత తియ్యటి ద్రాక్షరసం నేనెప్పుడూ తాగలేదు.

పదకొండింటికి పెట్రోవ్ కొండమీది కెథడ్రల్లో పన్నెండు గంటలు కొట్టారు. 1645లో స్వీడన్ సైన్యం ఊరిని ముట్టడించినప్పుడు, మధ్యాహ్నంలోగా ఊరు చిక్కకపోతే వెళ్లిపోతానని సేనాపతి అన్నాడట. ఊరివాళ్లు గంట ముందే మధ్యాహ్నపు గంటలు కొట్టేశారని కథ. ఈనాటికీ పదకొండుకే కొడతారు.

బ్రనోలో చూడాల్సినవి అని అందరూ చెప్పేవాటిలో రెండు భూగర్భంలో ఉన్నాయి. ఒకటి కపుచిన్ సన్యాసుల ఎండిన దేహాలున్న నేలమాళిగ, ఇంకోటి సెయింట్ జేమ్స్ చర్చి కింద వేలమంది ఎముకలున్న గది. మా ఆయనకి చూడాలని ఉంది. నేను రానన్నాను, ఆయన్ని కూడా వెళ్లొద్దన్నాను. మూఢనమ్మకమేమీ కాదు. ఆ వారం నా కళ్లు అటు తిప్పడం నాకిష్టం లేకపోయింది. దానికి బదులు లుజాంకీ పార్కులో పెద్ద చెట్ల కింద తిరిగాం. 1786 నుంచి జనం తిరుగుతున్న పార్కది.

సెప్టెంబర్ 26, మెండెల్ మఠం

ఈ ఊరికి రావడానికి ధర, చట్టం కారణాలు. కానీ వచ్చాక తప్పించుకోలేనిది ఒకటుంది. జన్యుశాస్త్రానికి పునాది వేసిన సన్యాసి గ్రెగర్ మెండెల్ ఈ ఊళ్లోనే బఠానీలు పెంచాడు.

ట్రాము దిగగానే మాల్టు వాసన. మఠం పక్కనే స్టారోబ్రనో బీరు ఫ్యాక్టరీ. ఎర్ర ఇటుకల గోతిక్ చర్చి, దాని పక్కన తెల్లటి మఠం, లోపల పచ్చిక. పచ్చికలో మెండెల్ పాలరాతి విగ్రహం, 1910లో బయటి కూడలిలో పెట్టింది, తర్వాత లోపలికి తెచ్చారు. ఆయన గ్లాస్‌హౌస్ పునాదులమీద, ఆయన పుట్టి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా 2022లో కొత్తది కట్టారు.

1856 నుంచి 1863 దాకా ఎనిమిదేళ్లు, ఇరవై ఎనిమిది వేల మొక్కల దాకా పెంచాడు. నున్నటి గింజల మొక్కనీ ముడతల గింజల మొక్కనీ కలిపితే మొదటి తరంలో అన్నీ నున్నటివే వచ్చాయి. వాటిని మళ్లీ పండిస్తే నున్నటివి 5,474, ముడతలవి 1,850. మూడుకి ఒకటి. 1865లో ఈ ఊరి సైన్సు సంఘంలో చదివాడు, 1866లో అచ్చయింది. దాని విలువ ప్రపంచానికి తెలిసేసరికి 1900 వచ్చింది. ఆయన 1884లోనే పోయాడు.

ఆ అంకెల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. జెనెటిక్ కౌన్సెలర్ మాకు కాగితం మీద నాలుగు గళ్లు గీసి చూపించిన లెక్క ఇదే. ఒక గడిలో జబ్బు, రెండు గళ్లలో క్యారియర్లు, ఒక గడిలో ఏమీ లేదు. ఏడు వేల పైచిలుకు గింజలున్న చోట లెక్క చక్కగా కుదురుతుంది. ఒక ఇంట్లో అన్ని లేవు కదా. ఉన్నదానిలో ఏ గడి పడితే అదే మొత్తం.

నున్నటి గింజల్లో మూడింట రెండు వంతులు ముడతని లోపల మోస్తూనే ఉంటాయి. పైకి తెలీదు. మా ఆయన అది చదివి, "అయితే మనిద్దరం ఈ గింజలమే" అన్నారు.

బయట బెంచీమీద కూర్చున్నాం. ఆయన మనసులో మాట అప్పుడు చెప్పారు. జన్యువు లేనిదాన్నే ముందు పెట్టించుకుందాం అన్నారు. "రేపు మన బిడ్డ కూడా పెళ్లప్పుడు ఈ రిపోర్టు పట్టుకుని తిరగాలా?" అన్నారు.

"తిరిగితే ఏమైంది? మనకి ఎవరూ చెప్పలేదు, అందుకే అంత జరిగింది. మన బిడ్డ సంగతి పుట్టకముందే తెలుసు. పెళ్లాడేవాళ్లది ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది" అన్నాను.

"అది లేకుండా పుట్టే అవకాశం ఉన్నప్పుడు..."

"క్యారియర్ అంటే నేను. క్యారియర్ అంటే మీరు. మనలాంటి బిడ్డ వద్దని ఎలా అనుకోను?"

ఆయన మాట్లాడలేదు. నాకూ నా వాదనలో ఎంత డాక్టర్లు చెప్పిన గ్రేడు, ఎంత నా మనసు అన్నది విడదీయడం కుదరలేదు. ఇద్దరం అలసిపోయే దాకా అక్కడే కూర్చుని, తర్వాత ఫ్లాట్‌కి నడిచి వచ్చేశాం.

సెప్టెంబర్ 27

పొద్దున ప్రొజెస్టరాన్ ఎంత ఉందో చూడ్డానికి రక్తం ఇచ్చాను. మధ్యాహ్నం ఆఫీసుల వాళ్లు తినే చోట భోజనం. మధ్యాహ్నపు మెనూ పలకమీద రాస్తారు, సూప్‌తో కలిపి 165 కొరునాలు. అందులో ప్లమ్ క్నెడ్లీకి ఉన్నాయి. ఉడికించిన పిండి ముద్దలో ఒక్కొక్క ప్లమ్ పండు, పైన తురిమిన గట్టి పనీరు లాంటిది, చక్కెర పొడి, కరిగించిన వెన్న. తియ్యటి వంటకమే, కానీ ఇక్కడ అది పూర్తి భోజనం. మగవాళ్లు టై కట్టుకుని కూర్చుని పళ్లెం నిండా తింటున్నారు. చెంచాతో కోస్తే లోపలి నుంచి ఊదారంగు రసం వెన్నలోకి పారింది.

ఆ పళ్లెం ముందే మా ఆయన అన్నారు, "నువ్వన్నదే కానీ. మంచి గ్రేడు ఉన్నదాన్ని పెట్టించుకుందాం. రెండోది ఎక్కడికీ పోదు." ఇంటికొచ్చి ఇద్దరం కలిసి క్లినిక్‌కి మెయిల్ రాశాం.

ఒకరోజు కోసం వచ్చి వెళ్లిపోయి ఉంటే ఈ ప్రశ్నకి ఫారం మీద ఒక టిక్కు పెట్టి తేల్చేసేవాళ్లం. ట్రాన్స్‌ఫర్ కోసం వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. కుదిరితే కొన్నాళ్లు ముందు వెళ్లండి, ఇద్దరూ కలిసి వెళ్లండి.

సెప్టెంబర్ 28

సెయింట్ వెన్సెస్లాస్ రోజు, జాతీయ సెలవు. ఆ రోజు పెద్ద దుకాణాలు మూసి ఉంచాలని చట్టం. పొద్దున తొమ్మిదికి క్లినిక్ నుంచి ఫోన్. రక్తంలో ప్రొజెస్టరాన్ అనుకున్నంత లేదు, ఈరోజు నుంచే చర్మం కింద ఇంజెక్షన్ కూడా తీసుకోవాలి, లేకపోతే రేపటి ట్రాన్స్‌ఫర్ వాయిదా. ప్రిస్క్రిప్షన్ కోడ్ ఫోన్‌కి వచ్చింది. చెక్‌లో ప్రిస్క్రిప్షన్లు 2018 నుంచి దాదాపు అన్నీ ఇలా కోడ్ల రూపంలోనే ఇస్తారు.

మా వీధిలో ఫార్మసీ మూసి ఉంది. దాని తర్వాతదీ మూసే ఉంది. ఏ తలుపు చూసినా అదే కాగితం. కాళ్లు వణికాయి నాకు. మూల మీది చిన్న కిరాణా మాత్రం తెరిచి ఉంది. వియత్నాం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు నడిపే కొట్లు ఇక్కడ ప్రతి పేటలోనూ ఉంటాయి, చిన్నవి కాబట్టి సెలవు రోజున కూడా తెరుచుకోవచ్చు. కౌంటర్ దగ్గరున్నామెకి ఫోన్లో కోడ్ చూపించాను. ఆమె కొడుకుని పిలిచింది. పన్నెండేళ్ల పిల్లాడు, చక్కటి ఇంగ్లీషు. పాత ఊళ్లో పగలూ రాత్రీ తెరిచి ఉండే ఫార్మసీ ఒకటుందని చెప్పి, నా ఫోన్లో దారి పెట్టిచ్చాడు.

అక్కడ ఒక చిన్న కిటికీ, దాని ముందు క్యూ. మా వంతు వచ్చింది. ఫార్మసిస్టు కోడ్ చదివి లోపలికి వెళ్లింది. ఎంతకీ రాదు. మా ఆయన నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. చివరికి ఒక డబ్బాతో వచ్చింది, ఏడు సీసాలున్న డబ్బా. ఉన్నది అదొక్కటేనట. డబ్బా మీద పెన్నుతో టైము రాసి, తన పొట్టమీద ఎక్కడ గుచ్చాలో చూపించి, ఇద్దరివైపూ చూసి బొటనవేలు మడిచి గుప్పిట బిగించింది. ఇక్కడ అదృష్టం కోరుతూ అలా పిడికిలి బిగిస్తారు.

తిరిగి వస్తూ ఆ కిరాణా కొట్లో బియ్యం, కొత్తిమీర, పచ్చిమిర్చి, పెరుగు కొన్నాం. పిల్లాడు దొరికిందా అని అడిగాడు. దొరికిందన్నాం. వాళ్లమ్మ డబ్బు తీసుకుంటూ సంచిలో రెండు మాండరిన్ పండ్లు వేసింది.

సెప్టెంబర్ 29, ట్రాన్స్‌ఫర్

మళ్లీ సంతకాలు. చికిత్స కోరుతూ జంట ఇచ్చే అర్జీ ఆరునెలలకి మించి పాతది కాకూడదని ఇక్కడి చట్టం, ప్రతిసారీ ఇద్దరి సమ్మతీ కొత్తగా కావాలి. పెళ్లయిందా అని అడగరు గానీ స్త్రీ పురుషుల జంట అయి ఉండాలి. ఒంటరి స్త్రీలకి వీల్లేదు. అది నాకు న్యాయమనిపించదు.

మూత్రాశయం నిండా ఉండాలి, అప్పుడే పొట్టమీద స్కాన్‌లో గర్భాశయం బాగా కనిపిస్తుంది. ముప్పావు లీటరు నీళ్లు తాగి కూర్చున్నాక మా ముందు కేసు ఆలస్యమైంది. నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. నర్సు రెండుసార్లు వచ్చి ఎలా ఉందని అడిగింది. మూడోసారి వచ్చి, సగం గ్లాసు వరకు మాత్రం వదిలి రావచ్చని చెప్పింది. అది ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుస్తుంది.

గదిలో గోడకి చిన్న కిటికీ ఉంది, అవతల ల్యాబ్. కిటికీ తెరుచుకుంది. ఎంబ్రియాలజిస్టు, ముప్పై ఏళ్లుండని అమ్మాయి, మా ఇద్దరి పేర్లూ పుట్టిన తేదీలూ మమ్మల్నే చెప్పమంది. తెలుగు ఇంటిపేరుని తను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని మళ్లీ చదివింది. తప్పు పోకూడదని అంత జాగ్రత్త. అప్పుడు తెరమీద బొమ్మ వేసింది.

పొద్దున కరిగించారట. మొదట కాస్త ముడుచుకుని ఉంది, అంచు ఒకవైపు నుంచి మెల్లగా సాగి విచ్చుకుంటోంది. లోపల ఒక మూలగా కణాల గుత్తి, అది బిడ్డ అవుతుంది. చుట్టూ పలచటి వరస, అది మావి అవుతుంది. పరీక్షకి కణాలు తీసింది ఆ వరస లోంచే. మా ఆయన నా తలదగ్గర నిలబడి ఉన్నారు. ఆయన ఊపిరి బిగబట్టడం వినిపించింది.

సన్నటి గొట్టం, అంటే కేథటర్, వెళ్లింది. నొప్పి లేదు, చలి అనిపించింది. "ఇప్పుడు తెర చూడండి" అంది డాక్టరమ్మ. బూడిదరంగు తెరమీద ఒక తెల్లటి మెరుపు జరిగి ఆగింది. అది గాలి బుడగ, ఎంబ్రియో దాని పక్కన. కేథటర్‌ని వెనక్కి కిటికీలోంచి ఇస్తే, మైక్రోస్కోపు కింద చూసి, లోపల ఏమీ మిగల్లేదని చెప్పింది ఆ అమ్మాయి. అంతే. నేను ఏడ్చాను. డాక్టరమ్మ నా మోకాలి మీద తట్టి, ముందు బాత్రూముకి వెళ్లమంది.

పడుకోవాలా అని అడిగాను. అక్కర్లేదు, నడవండి, బరువులెత్తకండి, వేడినీళ్ల టబ్బులో కూర్చోకండి, అంతే అంది. పడుకుని ఉండడం వల్ల ఉపయోగం కనిపించలేదని ఆవిడ గట్టిగానే చెప్పింది. అయినా అమ్మకి ఫోన్ చేస్తే, "కాలు కింద పెట్టకమ్మా" అంది. ఆవిడ భయం ఆవిడది. సరేనన్నాను.

మధ్యాహ్నం మా ఆయన పెరుగన్నం కలిపారు. ఇద్దరం కిటికీ పక్కన కూర్చుని, ఆ మాండరిన్ పండ్లు ఒలుచుకుని తిన్నాం.

సెప్టెంబర్ 30, అక్టోబర్ 1

లుజాంకీలో నెమ్మదిగా నడిచాం. ఏ చిన్న నొప్పి వచ్చినా ఆగి ఆలోచిస్తున్నాను. అది ప్రొజెస్టరాన్ వల్లా, ఇంకేదైనానా అని. ఆ ఆలోచన ఆపమని చెప్పేవాళ్లు ఎప్పుడూ దాన్లో ఉండి ఉండరు. ట్రాములో ఒక కుర్రాడు నాకు లేచి సీటిచ్చాడు. నాలో ఏమీ కనిపించే అవకాశమే లేదు, బహుశా ముఖం పాలిపోయి ఉంటుంది. కూర్చున్నాను.

రాత్రి ఖర్చు లెక్క వేశాం. కరిగించడం, ట్రాన్స్‌ఫర్ కలిపి సుమారు 30,000 కొరునాలు. మందులు, స్కాన్, రక్తపరీక్ష వేరు, ఆఖరి రోజు ఇంజెక్షన్ డబ్బా వేరు. ఇల్లు, తిండి, ట్రాములు కలిపితే ట్రాన్స్‌ఫర్ ఖర్చులో సగం దాటింది. ఒక్కరాత్రికి వచ్చి వెళ్తే ఈ సగం చాలావరకు మిగిలేది. మళ్లీ వెళ్లాల్సి వచ్చినా ఇలాగే వెళ్తాం.

వెళ్లేముందు ఇంటావిడకి తాళాలిచ్చాం. ఫ్రిజ్‌లో ఆ అర మళ్లీ ఖాళీ చేసి తుడిచి పెట్టాను. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుని, సొంత తోట ఎండు ప్లమ్ముల పొట్లం చేతిలో పెట్టింది.

స్టేషన్‌కి వెళ్లే దారిలో క్లినిక్‌లో ఆగాం. రెండో ఎంబ్రియోని ఇంకో ఏడాది నిల్వ ఉంచాలా అని కోఆర్డినేటర్ అడగడం పూర్తికాకముందే, ఇద్దరం ఒకేసారి ఉంచమన్నాం. నాలుగు వేల కొరునాలు. ఆవిడ రసీదు మీద ఎంబ్రియో నంబరు రాసి, సరిచూసుకోమని మా ఆయన వైపు తిప్పింది. ఆయన ప్రతి అంకె మీదా వేలు పెట్టి చదివి సంతకం చేశారు.